రంగూన్ ఖబరు: రెండు రివాయతులు

చివరి మొగల్ పాదుషా బహదూర్ షా జఫర్ చరమదశను గురించి మనకు రెండు రకాల సాక్ష్యాలు మిగిలాయి. ఒకటి, కాపలా అధికారి కెప్టెన్ నెల్సన్ డేవిస్ ప్రభుత్వానికి వ్రాసిన లేఖలు. రెండవది, వంశీకుల నోటా రంగూన్ ముస్లింల నోటా నిలిచిన జ్ఞాపకాలు. మొదటిది కాగితం గనుక సత్యమనీ, రెండవది నోటిమాట గనుక కథ అనీ తేల్చివేయడం కొందరు చరిత్రకారులకు అలవాటు. హదీసు శాస్త్రం చదివినవారు అంత తొందరపడరు. రావీ ఎవరు? కళ్లారా చూశాడా, విని చెప్పాడా? అలా చెప్పడంలో అతనికేమి ప్రయోజనం? ఈ ప్రశ్నలు దొరవారి లేఖకూ వర్తిస్తాయి.

1858 అక్టోబరులో ఢిల్లీ విడిచిన పాదుషా డిసెంబరులో రంగూన్ చేరాడు. వెంట బేగం జీనత్ మహల్, కుమారులు జవాన్ బఖ్త్, షా అబ్బాస్ ఉన్నారు. నివాసం నాలుగు గదుల చెక్క ఇల్లు. పదహారు మంది ఖైదీల భోజనానికి రోజుకు సుమారు 11 రూపాయలు. ఆదివారం ఒక రూపాయి అదనం. (జుమా రోజు ఆ లెక్కలలో లేదు!) కలము, సిరా, కాగితము నిషిద్ధం.

ఆయన కాలిన పుల్లతో గోడలపై కవిత్వం వ్రాశాడని ఒక రివాయతు ఉన్నది. కాగితం ఇవ్వనిచోట అది అసంభవమేమీ కాదు. కాని ఆ గోడను చూసిన సాక్షి ఎవరు? రంగూన్ గజల్ అని నేడు అందరూ పాడుకునేది ఆయన ముద్రిత దీవానులలో లేదు. ఈ రివాయతును బలహీనమైనదిగానే ఎంచవలసి ఉంటుంది.

ఖబరు సంగతి వేరు. 1862 నవంబరు 7, శుక్రవారం (హిజ్రీ 1279 జమాదుల్ అవ్వల్ 14) తెల్లవారుజామున తన 87వ యేట పాదుషా కన్నుమూశాడు. ఆ సాయంత్రమే ఖననం జరిగింది. కుమారులిద్దరూ జనాజా వెంట నడిచారు. అంటే ఈ సనదు ప్రత్యక్ష సాక్షులతోనే మొదలవుతుంది. ఇటుకలతో కట్టిన ఖబరును నేలమట్టం చేసి పచ్చిక పరిచామనీ, చుట్టూ వేసిన వెదురు కంచె శిథిలమయ్యేలోగా గడ్డి అంతటా అల్లుకుని ఆనవాలు మిగలదనీ డేవిస్ స్వయంగా వ్రాశాడు. తన ఉద్దేశానికి తానే సాక్షి! అనుకున్నట్లే జరిగింది. జీనత్ మహల్ గతించేనాటికే ఖచ్చితమైన చోటు ఎవరికీ తెలియలేదు. సుమారుగా ఆ ప్రాంతంలోనే ఒక చెట్టు దగ్గర ఆమెను ఖననం చేశారు.

రంగూన్ ముస్లింలు మాత్రం పట్టు వదలలేదు. వారి ఒత్తిడి మీద 1907లో ప్రభుత్వం ఒక రాయి నిలిపింది. "ఇక్కడ" అనలేదు, "ఈ సమీపంలో" అని చెక్కించింది. 1991 ఫిబ్రవరి 16న కాలువకోసం త్రవ్వుతున్న కూలీలకు సుమారు 25 అడుగుల దూరంలో, మూడడుగుల లోతున ఇటుకల ఖబరు బయటపడింది. అది ఆయనదేనని గుర్తుపట్టడానికి లేఖలోని ఇటుకలు కావలసి వచ్చాయి. అయితే నోటిమాట ఆ ఆవరణను 128 ఏళ్లు కాపాడి ఉండకపోతే ఆ ఇటుకలను ఎవరు పట్టించుకునేవారు?

దర్గాలో జీనత్ మహల్ ఖబరూ, మనుమరాలు రౌనఖ్ జమానీ ఖబరూ పైన ఉన్నాయి. పాదుషాది క్రింద. జియారత్‌కు వచ్చినవారు మెట్లు దిగి అక్కడ ఫాతిహా చదువుతారు.