బొగ్గు, ఉక్కు, అమన్

బళ్లో తారీఖ్ చదివినప్పుడు యూరప్ అంటే నాకు జంగ్‌ల జాబితానే. ఆ దుష్మనీ ఎలా ఆగిందో చాలా తర్వాత తెలిసింది.

1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక తజ్‌వీజ్ పెట్టారు. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఒకే ఉమ్మడి అధికారం కింద ఉండాలని. ఫిరంగులు తయారయ్యేది వాటితోనే కదా! 1951లో ఆరు దేశాలు పారిస్‌లో దస్తఖత్ చేశాయి. ఒకరికొకరు మొహతాజ్ కావడమే వాళ్లకు హిఫాజత్ అయింది.

వ్యాపారం ఉంటే జంగ్ రాదనే నమ్మకంతోనే రష్యా గ్యాస్ కూడా కొన్నారు. 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యాదే. ఇక్కడ ఉమ్మడి అధికారం లేదు, కొళాయి మాస్కో చేతిలో ఉంది. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా హమ్లాతో ఆ భరోసా కూలింది.

2023 జూన్‌లో యూనియన్ ఆర్థిక భద్రతా వ్యూహం ప్రకటించింది. అక్కడి కంపెనీలు అమెరికా కంటే కరెంటుకు 2–3 రెట్లు, గ్యాస్‌కు 4–5 రెట్లు కడుతున్నాయని 2024 సెప్టెంబర్‌లో మారియో ద్రాగీ రిపోర్టు చెప్పింది. కార్ఖానా మూతపడితే పోయేది మజ్దూర్ రోజీయే.

సూరె ఖురైష్‌లో తిజారత్ సఫర్లు, ఆకలి, ఖౌఫ్ ఒకేచోట వస్తాయి. అమన్, రోజీ విడివిడి సంగతులు కావు. ఇద్దరికీ ఇఖ్తియార్ ఉన్న మొహతాజీ రిష్తా అవుతుంది. ఒక్కరి చేతిలోనే ఉంటే అది గులామీ.