దోమకు ఎల్లలు లేవు

1953లో ఖమ్మం హైదరాబాదు రాష్ట్రమునను, భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలోను ఉండెను. పాలనలు వేరు, అడవి ఒకటే, అందులోని చలిజ్వరమును ఒకటే. మలేరియాను మోయు దోమ ఎల్లలెరుగదు. ఒక ప్రక్క అణచినను రెండవ ప్రక్కనుండి జ్వరము తిరిగి రాగలదు. ఏ ఒక్క జిల్లాయు దీనిని ఒంటరిగా నిర్మూలింపజాలదు.

ఆ ఏడే జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమైనది. కేంద్రము డి.డి.టి. సమకూర్చగా, దానిని ఇండ్ల గోడలపై చల్లించు ఖర్చును రాష్ట్రములు భరించినవి. 1958లో ఇది నిర్మూలన పథకమైనది. ఆరోగ్య కార్యకర్తలు పక్షమునకొకమారు ఇంటింటికి పోయి, జ్వరపీడితుల రక్తమును పరీక్షకు సేకరించిరి. 1959లో భద్రాచలం తాలూకా ఖమ్మం జిల్లాలో చేరినది.

తొలుత దేశమున ఏటా సుమారు 7.5 కోట్లుగా అంచనా వేసిన రోగుల సంఖ్య, 1965 నాటికి లక్షకు దిగినది. కాని దోమలు డి.డి.టి.కి లొంగలేదు, సరఫరా ఆలస్యమైనది, నిఘా సడలినది. 1976లో రోగులు 64 లక్షలైరి.

నేడు గూడెములో ఆశా కార్యకర్త వ్రేలినుండి రక్తపుచుక్క తీసి, కొద్ది నిమిషములలోనే వ్యాధిని తేల్చగలదు. ఢిల్లీనుండి మందు రావచ్చును; చిట్టచివరి గూడెములో జ్వరమును కనిపెట్టువారు లేనిచో ఆ మందు నిష్ప్రయోజనము.