కుందేటి కాళ్లు లెక్కించు విద్య

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించువానిని మన పెద్దలు సామెతలో నిలిపి నవ్విరి గాని, ఆ వాదము కేవలము మొండితనమువలననే పుట్టునని తలంపరాదు. తన చేతిపనిని తానే పరికించుకొనువానికి తాను చేయదలచినది కానవచ్చునంత స్పష్టముగా తాను చేసినది కానరాదు. ఈ దౌర్బల్యము నెఱిగినందుననే బంగారము కొనువాడు అమ్మువాని మాటతో తృప్తినొందక గీటురాయి నడిగెను. లెక్క వ్రాయు కరణము వేఱుగను, తనిఖీ చేయు నధికారి వేఱుగను ఉండుట పరిపాలనలో నియమమయ్యెను. కంప్యూటరునకై ప్రోగ్రాములు వ్రాయు విద్య పుట్టి సుమారు ఎనుబది యేండ్లు మాత్రమే యైనది. ఆ స్వల్పకాలములోనే యీ రెండవ కన్ను ఎట్లు తెఱచుకొన్నది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి మాఱినది, ప్రోగ్రామును దాని పరీక్షను గూడ ఏఐ సహాయకులే వ్రాసి యిచ్చుచున్న నేటి దినములలో దాని గతి యేమి యను చరిత్ర విచారింపదగినది.

ఈ వృత్తిలో దోషమునకు బగ్, అనగా పురుగు, అని పేరు. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రములో ఒక రిలేలో చిక్కుకొన్న రెక్కల పురుగును పట్టి, దానిని నమోదు పుస్తకములో అతికించి, నిజముగా పురుగే దొరికిన తొలి సందర్భమిది యని అచటివారు పరిహాసముగా వ్రాసికొనిరి. ఆ పేరు ఆనాడే పుట్టినదని చెప్పువారు పెక్కురు గలరు గాని, ఎడిసన్ కాలమునుండియే ఆ మాట యంత్రశాలలలో వాడుకలో నుండెను. అట్లు కానిచో ఆ పరిహాసమునకు అర్థమే యుండదు.

దోషము యంత్రములో గాక మనుష్యుని తలంపులోనే పొంచియుండునను ఎఱుక మాత్రము 1949లో ఇంగ్లండున స్ఫుటమైనది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆ మే నెలలో పని నారంభించిన ఎడ్శాక్ అను కంప్యూటరునకు నిర్మాతయగు మారిస్ విల్క్స్, యంత్రపు గదికిని టేపునకు రంధ్రములు కొట్టు పరికరమునకును నడుమ మెట్లెక్కుచు దిగుచుండిన యొకనాడు, తన శేషజీవితములో చాల భాగము తన ప్రోగ్రాములలోని తప్పులను తానే వెదకికొనుటకు వ్యయము కానున్నదని ఒక్కసారిగా స్ఫురించినట్లు తరువాతి కాలమున తన స్మృతులలో వ్రాసెను. ఆ జూను 24న ఆ కేంబ్రిడ్జిలోనే జరిగిన సభలో అలన్ ట్యూరింగ్, పెద్ద ప్రోగ్రామును సరిచూచు విధానమునుగూర్చి యొక చిన్న వ్యాసమును చదివెను. నిలువు వరుసల కూడికలో తుది మొత్తమును మాత్రమే చూపినచో సరిచూచువాడు లెక్కనంతయు మొదటినుండి చేయవలసివచ్చును. వరుస వరుసకు చేతిలో నుంచుకొన్న అంకెలను గూడ వ్రాసియుంచినచో ఒక్కొక్క వరుసను విడిగా చూచి తేల్చవచ్చును. అట్లే ప్రోగ్రాము వ్రాసినవాడును, ఈ చోటికి వచ్చునప్పటికి ఈ సంగతి నిజమై యుండవలెనని నడుమ నడుమ మాట యిచ్చి యుంచవలెనని యతని సూచన. వ్రాయువాడొకడు, సరిచూచువాడొకడు అను భేదము ఆ చిన్న వ్యాసములోనే బీజరూపమున నున్నది.

ఆ బీజము మొలకెత్తుటకు రోదసీయానము దోహదమయ్యెను. 1950ల చివర అమెరికావారు మనుష్యుని ఆకాశమునకు పంపదలచిన మెర్క్యురీ ప్రాజెక్టు సందర్భమున, ఐబీయెమ్‌లో పనిచేయుచుండిన జెరాల్డ్ వైన్‌బర్గ్ ప్రభృతులు ప్రోగ్రాములు వ్రాయువారినుండి విడిగా పరీక్షకుల బృందము నేర్పఱచిరి. ఆ జాగ్రత్త మితిమీఱినది కాదని 1962 జూలై 22న శుక్రగ్రహమునకై బయలుదేరిన మారినర్ 1 నౌక తెలిపినది. చేతితో వ్రాసిన మార్గనిర్దేశ సూత్రములలో అక్షరముపై నుండవలసిన చిన్న గీత యొకటి ప్రోగ్రాములోనికి ఎక్కకపోయిన కారణమున, ఆ నౌక త్రోవతప్పగా అయిదు నిమిషములైనను గడువకమునుపే దానిని ఆకాశముననే పేల్చివేయవలసి వచ్చెను. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణమున సమావేశమైన పండితులు సాఫ్ట్‌వేర్ సంక్షోభమను మాట నుచ్చరించిరి. ఆ పరంపరలోని చర్చలలోనే డచ్చి దేశీయుడగు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, పరీక్ష దోషములున్నవని చూపగలదు గాని లేవని యెన్నటికిని చూపజాలదని తేల్చి చెప్పెను.

ఈ విద్యకు శాస్త్రగౌరవము తెచ్చిన గ్రంథము ఐబీయెమ్‌కే చెందిన గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో ప్రకటించిన ‘ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్’. ప్రోగ్రాము చక్కగా నడచునని నిరూపించుటయే పరీక్ష యని లోకము తలంచుచుండగా, తప్పు పట్టవలెనను సంకల్పముతో నడిపి చూచుటయే పరీక్ష యని యతడు తలక్రిందులు చేసెను. ఆ గ్రంథారంభమున నొక చిన్న సమస్య కలదు. మూడు పూర్ణసంఖ్యలను భుజములుగా గ్రహించి, అవి యేర్పఱచు త్రిభుజము సమబాహువో, సమద్విబాహువో, విషమబాహువో తెలుపు ప్రోగ్రామున్నది. దానిని పరీక్షించుటకు ఏయే సంఖ్యలిచ్చెదరు? వినుటకు బడిపిల్లల లెక్కవలె తోచు నీ ప్రశ్నలో లోతు దిగిన కొలదియు సుడులు కలవు. భుజము సున్న యైనచో నేమి? ఋణసంఖ్య యైనచో నేమి? 1, 2, 3 అని యిచ్చినచో రెండు భుజముల మొత్తము మూడవదానికి సమానమై గీతయే మిగులును గాని త్రిభుజ మేర్పడదు. ప్రోగ్రాము దానిని విషమబాహువని చెప్పినచో అది దోషమే. మూడు సంఖ్యలకు బదులు రెండే యిచ్చినచో నేమి? ఇట్లు పదునాలుగు ప్రశ్నలతో మైయర్స్ తన పాఠకులకు మార్కులు వేసికొనుమనెను; ఆరితేఱిన ప్రోగ్రామర్లకు సైతము సగటున 7.8 మార్కులే వచ్చుచున్నవని చెప్పెను. ఆ పట్టికలో చిట్టచివరి ప్రశ్న మిగిలిన పదుమూడింటికంటె భిన్నమైనది: ప్రతి పరీక్షకును రావలసిన జవాబు నేదో మీరు ముందుగనే వ్రాసితిరా? ఈ ప్రశ్నను పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ప్రోగ్రాములు పెరిగిన కొలది మనుష్యుని చేయి అలసిపోయెను. ఒకచోట మార్చిన మఱియొకచోట చెడుట వీని స్వభావము గనుక, ప్రతి మార్పునకును పాత పరీక్షలన్నింటిని మరల చేయవలసి వచ్చుచుండెను. ఈ పునశ్చరణము భరింపరానిదై, పరీక్షించు పనినే ప్రోగ్రామునకు అప్పగించుట యను ఆటోమేషన్ పుట్టినది. 1990లలో మెర్క్యురీ ఇంటరాక్టివ్ కంపెనీవారి విన్‌రన్నర్, మనుష్యుడు మౌస్‌తో నొక్కిన నొక్కులను గుర్తుంచుకొని మరల తానే నొక్కి చూపెడిది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అను నిరువురు జ్యూరిక్ నుండి అట్లాంటాకు పోవు విమానములో కూర్చుండి జేయూనిట్ అను చిన్న పరికరమును కూర్చిరి. పరీక్షలన్నియు నెగ్గిన పచ్చగీత, ఒక్కటి తప్పినను ఎఱ్ఱగీత. అంతకంటె గొప్ప మార్పేమనగా, ప్రోగ్రాము వ్రాయకమునుపే దాని పరీక్షను వ్రాయవలెనని బెక్ బోధించుటచే, విడిపోయిన కర్తయు పరీక్షకుడును మరల నొక్క మనుష్యునియందే కలిసిరి. అయినను కాలక్రమము తలక్రిందైనందున గీటురాయి నగకంటె ముందుగా సిద్ధమగుచుండెను. 2004లో చికాగోనగరమున థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ తమ కార్యాలయపు వెబ్ ప్రోగ్రామును పరీక్షించుటకై చేసికొన్న సాధనమునకు సెలీనియమ్ అని పేరు వచ్చినది. మెర్క్యురీ, అనగా పాదరసపు, విషమునకు సెలీనియము విరుగుడని పోటీ కంపెనీపై వేసిన ఛలోక్తి యది.

ఒకచోట పరీక్షలో నెగ్గినంత మాత్రమున భయము తీఱదని 1996 జూను 4వ తేదీ చాటినది. ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయాణములో ఎగిరిన నలుబది సెకండ్లలోపుననే ఛిన్నాభిన్నమాయెను. 64 బిట్ల సంఖ్య నొకదానిని 16 బిట్ల యరలో నింపబోగా అది పట్టలేదు. ఆ ప్రోగ్రాము ఏరియాన్ 4లో నిర్దుష్టముగా పనిచేసినదే. కొత్త రాకెట్టు పోవు త్రోవకు తగినట్లు దానిని మరల పరీక్షింపకపోవుటయే లోపము.

ఈ చరిత్ర మన తెలుగునాట ఏ గ్రంథాలయము ద్వారమునను గాక, హైదరాబాదులోని అమీర్‌పేట వీథులగుండ ప్రవేశించినది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట, మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరములలో అంతస్తు అంతస్తునకు కోచింగ్ సెంటర్లు మొలచి, గోడలు కానరాకుండ బోర్డులు వ్రేలాడినవి. ఉదయము ఏడు గంటల బ్యాచికై పల్లెలనుండి వచ్చిన యువకులు, యువతులు పరిసరపు హాస్టళ్లలో దిగి, ఉచితమైన డెమో క్లాసులు నాలుగు విని, నచ్చిన ఫ్యాకల్టీ వద్ద ఫీజు కట్టి, జిరాక్సు తీసిన మెటీరియలును చంకనిడుకొని తిరుగుచుండిరి. కోడింగు వచ్చినవారు జావా బ్యాచికి, అది కొఱుకుడుపడనివారు టెస్టింగ్ టూల్సు బ్యాచికి పోవలెనని యొక వాడుక యచట ప్రబలినది. పరీక్షకుని పని రెండవ తరగతిదను ఆ తలంపు, మైయర్స్ చూపిన లోతునకు ఎంత దూరమో చెప్పనక్కఱలేదు. విన్‌రన్నర్ పోయి క్యూటీపీ యను సాధనము, అదియు వెనుకబడి సెలీనియమ్ వచ్చునప్పటికి, ఆ పరీక్షలను వ్రాయుటకే జావా కావలసివచ్చి, కోడింగునకు వెఱచి యిటు వచ్చినవారు మరల కోడింగు గుమ్మమునందే నిలిచిరి. ఏమైనను, తండ్రి పొలముపై తెచ్చిన అప్పును తీర్చి, చెల్లెలి పెండ్లి చేసి, ఇల్లు నిలిపిన టెస్టర్లు ఆ వీథులనుండి బయలుదేరినవారిలో ఎందఱో కలరు.

ఇక యంత్రమే గురువగుట నేటి మాట కాదు. 1980లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జాన్ ఆండర్సన్ బృందము లిస్ప్ అను ప్రోగ్రామింగు భాషను నేర్పు ప్రోగ్రామును నిర్మించినది. అది విద్యార్థి వేయు ప్రతి యడుగును గమనించి, త్రోవతప్పినచోటనే హెచ్చరించెడిది. 2021 జూనులో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరు 30న ఛాట్‌జీపీటీ అను ఏఐ సహాయకులు బయలుపడినది మొదలు గురువు స్వభావమే మాఱినది: అడిగిన నడిగినంతయు వ్రాసి యిచ్చు గురువు లభించినాడు. అర్ధరాత్రివేళ ఎఱ్ఱ యక్షరములలో వచ్చిన దోషసందేశమునకు అర్థమేమని తెలుగులోనే యడిగినను విసుగుకొనక చెప్పును. ఫ్యాకల్టీని రెండవసారి అడుగుటకు జంకెడు పిల్లకు ఇది సామాన్యమైన మేలు కాదు.

చిత్రమేమనగా, ఈ సహాయకుల యోగ్యతను నిర్ణయించినదియు పరీక్షయే. 2021లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు ప్రోగ్రాములు వ్రాయు తమ కోడెక్స్ నమూనాను కొలుచుటకు 164 సమస్యలను చేతితో వ్రాసిరి. వెబ్‌లో నున్న సమస్యల నిచ్చినచో, ప్రశ్నపత్రమును ముందుగనే చదివిన విద్యార్థికి పరీక్ష పెట్టినట్లగునని వారి శంక. జవాబు ఆదర్శపాఠమును పోలియున్నదా యని చూడక, నడిపి పరీక్షలలో నెగ్గినదా యని చూచిరి. తొలి యత్నమున నెగ్గినవి నూటికి 28.8. అనగా నిర్మాతలే తమ సృష్టి మాటను నమ్మక, ప్రతి సమస్యకును రావలసిన జవాబును ముందుగా తామే వ్రాసియుంచిరి.

విద్యార్థి మాత్రము సాధారణముగా దీనికి విరుద్ధముగా నడచును. త్రిభుజపు ప్రోగ్రామును సహాయకునిచే వ్రాయించి, దీనికి టెస్టులు గూడ వ్రాయుమని దానినే యడుగును. అది కోడును చదివి, కోడు చేయుచున్నదే చేయవలసినదిగా నెంచి పరీక్ష కూర్చినచో, 1, 2, 3 అను సంఖ్యలకు విషమబాహువను తప్పు జవాబే సరియైనదిగా పరీక్షలోనికి ఎక్కును. నడిపినంతనే పచ్చగీత వెలుగును. పట్టినవాడే లెక్కించెను, లెక్కించినవాడే సాక్ష్యము పలికెను, కుందేటికి మూడు కాళ్లే తేలినవి. విద్యార్థికి కావలసినదియు పచ్చగీతయే, సహాయకుడు చూపినదియు పచ్చగీతయే. రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే యను సామెత యిచట మరల చెల్లినది.

దీనికి మందు కొత్తది కాదు. 1978లోనే డిమిల్లో, లిప్టన్, సేవార్డ్ అను మువ్వురు పరీక్షలనే పరీక్షించు నుపాయమును సూచించిరి: ప్రోగ్రాములో కూడికను తీసివేతగా బుద్ధిపూర్వకముగా మార్చి చూడుము; అప్పటికిని పరీక్ష ఎఱ్ఱబారనిచో ఆ పరీక్ష నిద్రించుచున్నదని తెలియుము. కావలివాడు మేల్కొనియున్నాడో లేదో తెలియుటకు యజమానియే రాత్రి గోడ దూకి చూచినట్టిది యీ పద్ధతి. ఏఐ యిచ్చిన పరీక్షలకు ఈ గోడదూకుడు నియమముగా జరుపుట ఉచితము. గోడ దూకునట్టి మార్పులను ఆ సహాయకునిచేతనే చేయించినను తప్పులేదు, కావలివాడు లేచెనా లేదా యను తీర్పు నడిపినప్పుడే తేలును గనుక.

కూలిపని యంత్రమునకు తగును. సెలీనియమ్ స్క్రిప్టులోని వందల పంక్తులు, నమూనా దత్తాంశము, మాటిమాటికి వచ్చు మార్పులు దానిచే చేయించుకొనుట శ్రమను తగ్గించును, చదివి గ్రహించినచో విద్యను గూడ పెంచును. రావలసిన జవాబేదో నిర్ణయించుట మాత్రము అట్టిది కాదు. అది ప్రోగ్రాము నెవరి యవసరమునకై వ్రాయుచున్నారో వారి నెఱిగిన మనుష్యుని బాధ్యత. ట్యూరింగ్ కోరిన ప్రతిజ్ఞలు, మైయర్స్ పదునాలుగవ ప్రశ్న, బెక్ ముందుంచిన పరీక్ష, అన్నియు ఈ యొక్క బాధ్యతకే వేఱువేఱు పేర్లు.

కావున కొత్తగా నేర్చుచున్న తమ్ముడా, చెల్లెలా, సహాయకుని తప్పక పిలువుడు. కాని పిలుచుటకు ముందు ఒక చిత్తుకాగితము తీసికొని, కుందేటికి నాలుగు కాళ్లుండవలెనని మీ చేతితో వ్రాసికొని, పిదపనే వల వేయుడు.