నీలం పోయింది, నీళ్ళు బాగుపడ్డాయా?

బీకరుకి ఫాయిల్ చుట్టేశారు. లోపల మాగ్నెటిక్ స్టిరర్ బిళ్ళ గాజుకు తగిలి టకటకమంటోంది. మీ చెయ్యి ల్యాంపు స్విచ్చు మీదికి పోతుంటే రీసెర్చ్ స్కాలర్ ఆపుతుంది: "అప్పుడే వద్దు సార్, అరగంట చీకట్లో తిరగాలి."

అందులో ఉన్నది 100 మిల్లీలీటర్ల మిథిలీన్ బ్లూ ద్రావణం, లీటరుకు 10 మిల్లీగ్రాముల లెక్కన. అక్వేరియం షాపుల్లో చేపల మందుగా అమ్మేది ఇదే. అందులో 0.1 గ్రాము టైటానియం డయాక్సైడ్ నానో పొడి కలిపారు. తూచేటప్పుడు ఫ్యానూ కట్టేశారు, ఏసీ కూడా. రేణువు 20 నానోమీటర్లకు అటూఇటూ. ఒక గ్రాము పొడిలోని రేణువుల ఉపరితలమంతా పరిస్తే 50 చదరపు మీటర్లు, ఓ సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటంత. అంత చోటుంటే వెలుగు తగలకముందే కొంత రంగు వెళ్ళి అతుక్కుంటుంది. అది శుద్ధి కాదు. ఆ అతుక్కోవడమేదో ముందే అయిపోనివ్వడానికే ఈ చీకటి అరగంట.

ఈలోగా పక్క బల్ల దగ్గరికి రండి. టిన్ ఆక్సైడ్ సెన్సర్ వేడెక్కి ఉంది. వేడి మీద దాని ఉపరితలం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఆక్సిజన్ దాని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, నిరోధం పెరుగుతుంది. స్పిరిట్‌లో ముంచిన దూది దగ్గరికి తేగానే తెర మీద గీత దబ్బున కిందికి పడింది. ఆల్కహాల్ ఆవిరి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోయి ఎలక్ట్రాన్లను వదిలిపెట్టింది. జపాన్‌లో నవోయోషి టాగుచి 1962లో పేటెంటుకు పెట్టింది ఈ సూత్రాన్నే. ఇప్పుడు దూది తీసేసి గ్యాస్ లైటర్ నొక్కండి, వెలిగించకుండా. గీత మళ్ళీ పడింది! ఏదో వచ్చిందని చెబుతుందేగానీ, వచ్చిందేమిటో చెప్పదు. సెన్సర్ల మీద పనిచేసేవాళ్ళ తిప్పలన్నీ ఇక్కడే.

అరగంట అయింది. ఫాయిల్ విప్పారు, ల్యాంపు వెలిగింది. "కళ్ళద్దాలు తియ్యకండి సార్!" ఊదారంగు వెలుగు. టైటానియం డయాక్సైడుకు మామూలు వెలుగు ఆనదు. 388 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కిరణాలే కావాలి. ఎండలో అవి నూటికి నాలుగైదు పాళ్ళే. పొడికి నైట్రోజన్ పట్టించడం, పసుపురంగు కార్బన్ నైట్రైడ్ వాడటం లాంటి ప్రయత్నాలన్నీ మిగతా ఎండ కోసం. కిరణం తగలగానే ఎలక్ట్రాన్ ఎగురుతుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఎక్కువ జంటలు అక్కడికక్కడే కలిసిపోయి వేడిగా వృథా అవుతాయి. తప్పించుకున్నవే ఆక్సిజన్‌తో, నీటితో కలిసి రంగును విరగ్గొట్టే రాడికల్స్‌ను పుట్టిస్తాయి. 1972లో అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 'నేచర్'లో ఈ పదార్థంతోనే, వెలుగు సాయంతో నీటిని విడగొట్టి చూపించారు. మన బీకరుకు మూలం అక్కడుంది.

పావుగంటకోసారి సిరంజీతో కాస్త తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పొడి అడుగుకు దిగాక పైతేటను క్యూవెట్‌లో పోస్తోంది. నమూనా ఎంత వెలుగు పీల్చుకుందో చూపే గీతలో 664 నానోమీటర్ల దగ్గరున్న శిఖరం ప్రతి నమూనాకూ పొట్టిదవుతోంది. సరిగ్గా చూడండి, ఎడమకు కూడా జరుగుతోంది. అంటే రంగు అణువు ఇంకా పూర్తిగా విరగలేదు. కొసల్లో ఉన్న మిథైల్ గుంపులు ఒక్కొక్కటే ఊడుతున్నాయంతే. కాసేపటికి క్యూవెట్ మంచినీళ్ళలా ఉంది. అందరూ ఫొటో తీసుకునేది ఇప్పుడే.

ఆమె మాత్రం తీయలేదు. నమూనాను టీఓసీ యంత్రానికి పంపింది. నీటిలో మిగిలిన సేంద్రియ కార్బన్ ఎంతో అది చెబుతుంది. రంగు పోయినంత వేగంగా కార్బన్ పోదు. కంటికి కనబడని ముక్కలు ఇంకా నీళ్ళలోనే ఉంటాయి. పైగా మిథిలీన్ బ్లూ తానే వెలుగు పీల్చుకుని పొడికి ఎలక్ట్రాన్లు అందించగలదు. కాబట్టి మామూలు వెలుగులో నీలం పోతే, ఆ ఘనత పొడిదేనని అనడానికి లేదు. కొత్త పదార్థాన్ని ఈ ఒక్క రంగుతో పరీక్షించి గెలిచామనుకోవడం నా దృష్టిలో తొందరపాటే.

ఈసారి పేపర్లో నీలం బీకరు, తెల్ల బీకరు పక్కపక్కన కనిపిస్తే చీకట్లో ఉంచినదాని ఫలితం ఇచ్చారేమో చూడండి. టీఓసీ అంకె ఎక్కడైనా ఉందేమో వెతకండి. రెండూ లేకపోతే, ఆ నీళ్ళు శుభ్రపడ్డాయని నమ్మకండి.