హావొడ్: కొండ మీది వేసవి ఇల్లు

వేల్స్ కొండ ప్రాంతాల్లో హావొడ్, హెండ్రె అనే పేర్లు తరచూ ఎదురవుతాయి. వెల్ష్‌లో ‘హావ్’ అంటే వేసవి, ‘బొడ్’ అంటే నివాసం. కలిసినప్పుడు బకారం మెత్తబడి హావొడ్ అయింది. ‘హెన్’ అంటే పాత, ‘ట్రె’ అంటే ఇల్లు, ఊరు. కలిసినప్పుడు టకారం మెత్తబడి డకారమైంది, వినడానికి మన సరళాదేశంలాగే!

మే నెల మొదట్లో రైతు కుటుంబాలు పశువులను తోలుకుని ఎరీరి వంటి కొండల మీది హావొడ్‌కు ఎక్కేవి. వెన్న తీయడం, చీజ్ చేయడం అక్కడే. చలి ముదరకముందే లోయలోని హెండ్రెకు దిగేవి. 18వ శతాబ్దపు యాత్రికుడు థామస్ పెన్నంట్ ఆ కొండ ఇళ్లను వర్ణించాడు. క్రమంగా ఆవుల మేతభూముల్లో గొర్రెలు నిండాయి. చాలా హావొడ్‌లు ఏడాది పొడవునా కాపురముండే కమతాలుగా మారాయి, పేరు మాత్రం వేసవిదే. ఆ జనం బతికిన తీరును ఏ చరిత్ర పుస్తకం కన్నా ఈ ఊరిపేర్లే నాకు దగ్గరగా చూపిస్తాయి.