అమలకం నుండి అమ్లజ్ వరకు: బాగ్దాదు చేరిన ఉసిరికాయ

యునానీ మందుల దుకాణాలలో ఇత్రీఫల్ అనే పేరు అందరికీ పరిచితమే. ఇత్రీఫల్ ఉస్తూఖుద్దూస్, ఇత్రీఫల్ కష్నీజీ అని సీసాలపై చదివేవారిలో ఆ మాట ఏ భాషదని ఆలోచించేవారు మాత్రం తక్కువ. దాని ధ్వని అరబీ వలె ఉన్నది గాని అది అరబీ కాదు. గ్రీకు అసలే కాదు. సంస్కృతంలోని త్రిఫలయే పారశీకం మీదుగా అరబీలో ప్రవేశించి ఇత్రీఫల్ అయినది. అందులోని కరక్కాయ హలీలజ్ అయినది, తానికాయ బలీలజ్ అయినది, ఉసిరికాయ అమ్లజ్ అయినది. ఆమలకం అనే మాట చివరి 'క' ప్రాచీన పారశీకులైన పహ్లవీ భాషీయుల నోట 'గ' గా మారింది. అరబీ అక్షరమాలలో 'గ' లేదు గనుక అది 'జ' అయి కూర్చున్నది. ఈ ఒక్క అక్షరపు మార్పును గమనిస్తే చాలు, ఆ కాయ ఏ దారిన పడమటికి వెళ్ళినదో తెలిసిపోతుంది.

క్రీ.శ. 762లో బాగ్దాదు నగరం నిర్మింపబడిన పిమ్మట, ఖలీఫా హారూన్ రషీద్ పాలనలో (786-809) భారతీయ వైద్యులకు అక్కడ ఆదరణ లభించింది. ఇందుకు ముఖ్య కారకులు బర్మకీ వంశపు మంత్రులు. ఇబ్నె నదీమ్ తన 'అల్-ఫిహ్రిస్త్' అనే గ్రంథసూచిలో (987) ఈ విషయాన్ని నమోదు చేశాడు. యహ్యా బిన్ ఖాలిద్ బర్మకీ ఆజ్ఞపై మన్కా అనే భారతీయుడు సుశ్రుతుని గ్రంథాన్ని అరబీలోనికి తెచ్చాడు. చరకుని గ్రంథం మాత్రం తిన్నగా రాలేదు. మొదట పారశీకంలోనికి, అక్కడి నుండి అబ్దుల్లా బిన్ అలీ చేతిమీదుగా అరబీలోనికి వచ్చింది. రెండు భాషలు దాటిన ఆ గ్రంథంలో మూలం ఎంత మిగిలినదో ఊహించుకోవలసిందే. అయినా ఆ పని చేసినవారు తమ పేర్లనూ, మూలకర్తల పేర్లనూ దాచుకోలేదు. అలీ బిన్ రబ్బన్ తబరీ క్రీ.శ. 850లో ముగించిన 'ఫిర్దౌసుల్ హిక్మత్' చివరి భాగాన్ని పూర్తిగా భారతీయ వైద్యానికే కేటాయించి, ఇది హిందూదేశపు వైద్యుల మాట అని స్పష్టంగా చెప్పాడు.

ఈ నిజాయితీకి మరింత గట్టి ఉదాహరణ అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (మరణం క్రీ.శ. 925). ఆయన జీవితాంతం వ్రాసుకున్న వైద్య టిప్పణులను ఆయన మరణానంతరం శిష్యులు కూర్చగా 'అల్-హావీ' అనే మహాగ్రంథం తయారైనది. అందులో జాలీనూస్ చెప్పినది జాలీనూస్ పేరనే, చరకుడు చెప్పినది 'శరక్' అనే పేరనే ఉంటుంది. తన సొంత అభిప్రాయం వచ్చిన చోట రాజీ 'లీ' అని ఒక చిన్న మాట పెడతాడు. 'ఇది నాది' అని దాని భావం. విన్నదేదో, తాను తరచి చూచినదేదో కలగలిసిపోకుండా ఆ రెండక్షరాలే కాపలా కాశాయి. ఈ గ్రంథం అరబీ మూలాన్ని 1955 నుండి ఇరవైకి పైగా సంపుటాలలో వెలువరించిన సంస్థ మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. తెలుగు ముస్లిం పాఠకులలో ఈ సంగతి తెలిసినవారు ఎందరున్నారో!

ఇక వ్యాధి సంగతి. కాయ పేరు సులభంగానే ప్రయాణించింది గాని వ్యాధి పేరు అలా ప్రయాణించలేదు. భారతీయ వైద్యులు మూత్రపు తీపిని గుర్తించి మధుమేహమన్నారు. గ్రీకులు తాగిన నీరు నిలువక దిగజారిపోవడాన్ని చూచి, 'గుండా పోవుట' అనే అర్థం వచ్చే మాటతో డయాబెటిస్ అన్నారు. జాలీనూస్ దానిని మూత్రపిండాల జబ్బుగా తలచాడు. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్-ఖానూన్'లో దియాబీతుస్‌ను మూత్రపిండాల వ్యాధుల మధ్యనే వివరించి, దానికి దూలాబ్ అనే పేరు కూడా ఉన్నదని వ్రాశాడు. దూలాబ్ అనగా నీరు తోడే చక్రం. ఎత్తిన నీరు ఎత్తినట్టే పారబోసే ఆ చక్రంతో రోగి అవస్థను పోల్చిన ఆ పేరు ఎంత సముచితమైనది! క్రీ.శ. 1231లో మరణించిన అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ ఈ ఒక్క వ్యాధిపైనే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. మూత్రంలోని తీపి చక్కెరయేనని నిరూపణ కావడానికి 1776లో ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ వచ్చేవరకు ఆగవలసి వచ్చింది.

వాగ్భటుడు ప్రమేహాలకు పసుపు, ఉసిరి జంటను శ్రేష్ఠమన్నాడు. ఇత్రీఫల్‌కు దక్కిన ఖ్యాతి ఈ జంటకు అరబీ వైద్యంలో దక్కలేదు. హకీముల దృష్టిలో అమ్లజ్ శీతలం, శుష్కం. జీర్ణాశయానికీ హృదయానికీ బలమిచ్చేది, తలకూ కంటికీ మేలు చేసేది. కనుక 'వేయి సంవత్సరాలుగా యునానీ హకీములు ఉసిరితో చక్కెర వ్యాధిని నయం చేస్తున్నారు' అని నేడు కరపత్రాలలో కనిపించే మాటకు ఆ గ్రంథాలలో బలమైన ఆధారం చూపడం కష్టం. పూర్వీకులు అనని మాటను వారి నోట పెట్టడం వారికి గౌరవం కాదు.

ఆధునిక పరిశోధన ఏమంటున్నది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో ప్రకటించిన పట్టికలో 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి చూపబడింది. అదే సంస్థ 2017 నాటి పట్టికలో ఆ సంఖ్య సుమారు 250కి దిగింది. అయినా నిమ్మకాయ దాని దరికి రాదు. శరీరంలోని కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునే గుణం ఉసిరికి ఉన్నదని ప్రయోగశాలలలో పలుమార్లు తేలింది. ఆ గుణం ఏ పదార్థానిదన్న విషయంలో మాత్రం వివాదమున్నది. 1996లో ఎంబ్లికానిన్లు అనే టానిన్లను ఒక బృందం ప్రకటించగా, 2009లో మరొక బృందం అవి తమకు కనిపించలేదని వ్రాసింది.

అన్నిటికన్న ఆలోచింపజేసే ప్రయోగం ఈ హైదరాబాదు సంస్థ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించినది. మందు ద్వారా మధుమేహం కలిగించిన ఎలుకలకు వారు ఉసిరినీ, దాని టానిన్లనూ ఆహారంలో పెట్టారు. రక్తంలోని చక్కెర తగ్గలేదు. ఇన్సులిన్ పెరగలేదు. కాని చక్కెర వలన కంటికి పట్టే శుక్లం ఆలస్యమైనది. అధిక చక్కెర కంటి కటకంలో సార్బిటాల్‌గా మారి పేరుకుపోవడాన్నీ, దానితోపాటు జరిగే ఆక్సీకరణనూ ఉసిరి కొంత అడ్డుకున్నదని వారి వివరణ. అనగా వ్యాధి వ్యాధిగానే ఉన్నది. అది చేసే కీడులో ఒకటి నెమ్మదించింది. మనుషులలో చక్కెర కొంత తగ్గినట్లు చూపిన పరీక్షలు లేకపోలేదు గాని అవి కొద్దిమందిపై, కొద్దికాలం జరిగినవి. వీటిని నమ్మి ఇన్సులిన్ మానుకున్న రోగి ప్రాణానికే ముప్పు.

ఇత్రీఫల్‌ను కంటికి ఇచ్చిన హకీములకు ఎలుకల ప్రయోగం సాక్ష్యమని కొందరు సంబరపడవచ్చు. హకీములు కంటికి ఇచ్చినది మూడు కాయల చూర్ణాన్ని నేతితో గాని బాదం నూనెతో గాని తడిపి, తేనెలోనో చక్కెర పాకంలోనో కలిపిన లేహ్యం. ఉసిరి మురబ్బా సంగతీ అంతే. కాయకన్న పాకమే ఎక్కువ. చక్కెర వ్యాధిగ్రస్తునికి దానిని ఔషధమని ఇచ్చేవారు, ఇచ్చేముందు ఆ పాకాన్ని కూడా లెక్కలో వేసుకోవలసి ఉంటుంది.