పియానో సుత్తీ - కాగితం ముక్కా

ప్యాచ్ అంటే మా వాళ్ళకి చిన్నచూపు. మొన్న ఆఫీసులో రెండు లైన్ల ప్యాచ్‌తో ఒక బగ్ సరిచేశాను. "ఎన్నాళ్ళీ అతుకులు? కొత్త టెక్నాలజీలో మొత్తం తిరగరాసేద్దాం" అన్నాడు మా లీడు. నాకు వెంటనే పియానో గుర్తొచ్చింది. దానికీ దీనికీ ఏంటి సంబంధమంటారా? చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

పియానోకి 88 మీటలు. గ్రాండ్ పియానోలో మీట నొక్కితే ఒక చెక్క సుత్తి పైకి లేచి తీగల్ని కొడుతుంది. చాలా స్వరాలకి మూడేసి తీగలుంటాయి. సుత్తి నిటారుగా లేస్తేనే మూడిటికీ సమానంగా తగులుతుంది. పక్కకి వాలిందా, ఒక తీగ తప్పిపోతుంది. దీనికి మందేమిటో తెలుసా? సుత్తి ఇరుసుని పట్టుకునే చెక్క ముక్క మర వదులు చేసి, కింద ఒక అంచున సన్నటి జిగురు కాగితం పట్టీ అంటించి మళ్ళీ బిగించడం. మనింట్లో బల్ల ఊగుతుంటే కాలికింద అట్టముక్క పెడతామే, అచ్చం అలాగే!

కాగితమే ఎందుకు? మందం అంతటా ఒకేలా ఉంటుంది. మర బిగిస్తే గుడ్డలాగా అణిగిపోదు. తీసెయ్యాలంటే కాస్త తడి చేస్తే చాలు. ప్లాస్టిక్ టేపు అంటించడం తేలికే, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ దాని జిగురు పాకుతుంది.

అసలు పియానోకి కాగితం కొత్త చుట్టమేం కాదు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టొఫొరి దీన్ని తయారుచేశాడు. ఆయన 1726లో చేసిన పియానోలో సుత్తి తలలు కాగితాన్ని చుట్టగా చుట్టి, పైన తోలు అంటించినవి. 1826లో పారిస్‌లో ఆన్రీ పాప్ తోలు బదులు ఫెల్ట్ వాడకానికి పేటెంటు తీసుకున్నాడు. అది నిలబడింది. అంటే కొత్తదల్లా చెడ్డదని నేననట్లేదు.

కానీ 1962లో స్టైన్‌వే కంపెనీ సుత్తుల ఇరుసుల దగ్గర ఉన్ని గుడ్డ తీసేసి టెఫ్లాన్ పెట్టింది. అరగదు, తేమ పీల్చదు, ఇంకేం కావాలి? తీరా చూస్తే చిక్కంతా అక్కడే వచ్చింది. చుట్టూ ఉన్న చెక్క మాత్రం తేమకి ఉబ్బుతుంది, పొడి గాలికి కుంచించుకుపోతుంది. టెఫ్లాన్ దాంతోపాటు కదలదు. దాంతో ఇరుసులు వదులై టకటకా చప్పుళ్ళు మొదలయ్యాయి. 1980లలో కంపెనీ మళ్ళీ గుడ్డకే వచ్చింది. టెఫ్లాన్ మంచి సరుకే, పొరుగువాడితో పొసగలేదంతే.

అన్నట్టు, మన ప్యాచ్ కూడా మొదట్లో కాగితమే! 1944 నాటి హార్వర్డ్ మార్క్ 1 ప్రోగ్రాముని కాగితపు టేపు మీద చిల్లులుగా పొడిచేవారు. తప్పు చిల్లు పడితే దానిమీద కాగితం ముక్క అంటించేవారు.

అందుకే మా లీడుని ఒక్కటే అడిగా: "కొత్తది బానే ఉంటుంది సరే, చుట్టూ ఉన్న పాత చెక్కతో కలిసి ఉబ్బుతుందా?" ఇంకా జవాబు రాలేదు. ఈలోపు నా కాగితం ముక్క పని చేస్తూనే ఉంది.